గుడ్డులోకి వెళ్ళిపోయిన కోడిపిల్ల

మండల విద్యా కార్యాలయంలో డేటా ఉద్యోగానికి కొత్తగా చేరినవాళ్ళు సలహా అడిగితే నేను ముందు చెప్పేది ఛార్జర్ గురించి. మీ ఛార్జర్ మీ సంచిలోనే ఉండాలి, ఎవరికీ అరువివ్వకూడదు. రెండోది, పోర్టల్ మూసే రోజు వరకు ఆగకూడదు. మూడో సలహా అడిగేవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళకు మాత్రం ఈ కోడిపిల్ల సంగతి చెబుతాను. నేను ఆ ఉద్యోగం వదిలి రెండేళ్ళయింది. కంప్యూటర్ ఇంజనీరింగ్ నాకు నేర్పనిది ఆ కోడిపిల్ల నేర్పింది కాబట్టి దాన్ని నా అర్హతల జాబితాలో కలుపుకున్నాను.

మా నాన్నగారి ఉద్యోగం వల్ల మేము కోస్తా నుంచి వచ్చి నగర శివారులోని తూంకుంటలో ఇల్లు కట్టుకున్నాం. నాకు ఉద్యోగం అక్కడికి దగ్గరలోనే ఒక మండల కార్యాలయంలో దొరికింది. బడుల హాజరు, భోజనాల లెక్క, పరీక్షల ఫలితాలు పోర్టల్‌లోకి ఎక్కించడం నా పని. నా పక్క బల్ల మీద డేటా ఆపరేటర్ అక్క ఉండేది. ఆ మండలంలోని ప్రతి బడి, ప్రతి పంతులు ఆమెకు తెలుసు. నేను ఏ పని మొదలుపెట్టినా ముందు జాబితా రాసుకుంటానని, ఎవరితో మాట్లాడినా "అండి" అంటానని ఆమెకు మహా సరదా.

"సారూ, టీ తాగుడుకు గూడ లిస్టు రాసినవా?" అనేది.

"రాయలేదండి."

"రాయి మరి. ఒకటి, గ్లాసు. రెండు, నోరు."

ఇక పరీక్ష సంగతి. మూడో తరగతి పిల్లలకు రాష్ట్రమంతా ఒకే రోజు, ఒకే ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టారు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు, జవాబు కాగితం మీద ఒక వరసలో నాలుగు వృత్తాలు. సరైన జవాబున్న వృత్తాన్ని నల్లగా దిద్దాలి. ఆ కాగితానికి యంత్రం మార్కులు వేస్తుంది. బడి పంతులు గదిలో ఉండకూడదు, బయటి నుంచి వచ్చిన ఒక శిక్షణ విద్యార్థి పరీక్ష పెడతాడు. ప్రశ్నపత్రం ఏ మాధ్యమం వాళ్ళకు ఆ భాషలో ఉంటుంది. జవాబు కాగితం మాత్రం అందరికీ ఒకటే. ఈ చివరి రెండు వాక్యాలు నేను శిక్షణలో విని చక్కగా రాసుకున్నాను. రాసుకోవడం వేరు, ఆలోచించడం వేరు.

ఫలితాలు వచ్చిన రోజు మండలంలో అట్టడుగున ఒక ఉర్దూ మీడియం ప్రాథమిక పాఠశాల ఉంది. అలియాబాద్ దాటి లోపలికి వెళ్తే వచ్చే చిన్న ఊరిది. అట్టడుగు అంటే ఏదో కొంచెం వెనకబడటం కాదు. దాని పైనున్న బడికీ దానికీ మధ్య ఒక గొయ్యి ఉంది.

అక్క నా తెర మీదికి తొంగిచూసింది. "ఇదేంది సారూ? మేకను కూసోబెట్టి దాని కాలుకు పెన్సిల్ గట్టినా, నాలుగు ప్రశ్నలకు ఒకటన్న తగులుతది. వీళ్ళకు అది గూడ తగుల్లేదు."

నవ్వాను. ఆ మాటను లెక్కగా ఆలోచించి ఉంటే వ్యవహారం అక్కడే తేలిపోయేది. గుడ్డిగా దిద్దినా పావు వంతు మార్కులు రావాలి. అంతకన్నా తక్కువ రావాలంటే తెలివి కావాలి.

మర్నాడు ఆ బడి సార్ కార్యాలయానికి వచ్చారు. పొడుగ్గా, సన్నగా, తెల్లటి చొక్కాతో ఉండే పెద్దమనిషి. చాలా ఏళ్ళుగా అదే బడిలో పనిచేస్తున్నారు, పదవీ విరమణ దగ్గరపడింది. గట్టిగా మాట్లాడటం ఆయన అలవాటు కాదు. ఫలితాల ప్రింటు నా బల్ల మీద పరిచి, ఒక పేరు మీద వేలు పెట్టారు.

"గీ పిల్లకు సున్నా అట సార్. ఒక్కటి గూడ రాలే. ఈమె నాకే ఎక్కాలు తప్పు జూపిస్తది."

"పరీక్షంటే భయపడి ఉండొచ్చండి."

"భయమా? ఆమెకా?" అని ఆయన ఇంకో పేరు చూపించారు. "మరి వీనికి క్లాసుల అందరికంటె ఎక్కువ వచ్చినయి. పరీక్షల సగంసేపు పండుకున్నడట వీడు. ఆ పరీక్ష పెట్టిన పిల్లగాడే చెప్పిండు నాకు."

నేను అప్పటికే "తక్కువ ఫలితాలకు కారణాలు" అని ఒక జాబితా తయారుచేసి ఉంచాను. హాజరు లోపం, ఇంట్లో చదివించేవాళ్ళు లేకపోవడం, పునశ్చరణ చేయించకపోవడం, ఇలా ఒక పుట. ఆయనకు మొత్తం చదివి వినిపించాను. చివరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మీ లిస్టుల అన్ని కరెక్టే ఉన్నయి సార్. మా బడి ఒక్కటే లేదు అందుల."

తర్వాత అసలు సంగతి చెప్పారు. వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశం. ఈ ఫలితాలు అందరి ముందు చదవాలని ఉత్తర్వు. ఊళ్ళో సగం మంది ఇప్పటికే ఊగిసలాడుతున్నారు. హైవే మీది ప్రైవేటు బడి పసుపు బస్సు ఆ ఊరి దాకా వస్తోంది. చౌరస్తాలో కోళ్ళ దుకాణం నడిపే ఆసామి ఒకాయన, ఆ సున్నా వచ్చిన పిల్ల తండ్రి, బస్సులో సీటు కూడా మాట్లాడుకున్నాడు. ఆయన వెళ్తే మిగతావాళ్ళు వెళ్తారు. నలుగురు పిల్లలు తగ్గితే చాలు, బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు.

"నాకేం లేదు సార్, ఇంకొద్ది దినాలైతే ఇంటికి పోతా," అన్నారాయన. "కాని బడికి తాళమేసి పోవాల్నంటే మనసొప్పుతలేదు. మీరొకసారి వచ్చి పిల్లలను మీరే అడుగున్రి."

వెళ్ళాను. శిక్షణలో ఇచ్చిన బొమ్మల కథ పట్టీ ఒకటి పట్టుకెళ్ళాను. మాటలుండవు, ఒకే పొడుగాటి అట్ట మీద నాలుగు బొమ్మలుంటాయి. ఎడమ చివర గూట్లో గుడ్డు. తర్వాత గుడ్డుకు పగులు. తర్వాత పగులులోంచి తొంగిచూస్తున్న పిల్ల. కుడి చివర గింజలు ఏరుకుంటున్న కోడిపిల్ల. పిల్లలు బొమ్మలు చూసి కథ చెప్పాలి. సంఘటనల క్రమం తెలుసో లేదో మనకు అర్థమవుతుంది.

ఆ బడి, పక్కనున్న తెలుగు మీడియం బడి ఒకే వరండాను పంచుకుంటాయి. వరండాలో ఒక కుర్చీ వేశారు. నేను కూర్చుని, ముందుగా ఆ సున్నా పిల్లను పిలిచాను. ఆ ఊరి పిల్లలకు తెలుగు, ఉర్దూ రెండూ ఒకే నోట్లో ఉంటాయి. అట్ట చూసి, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా మొదలుపెట్టింది.

"కోడిపిల్ల గింజలు తింటాంది సార్. ఇగ కడుపు నిండింది. సలి వెట్టింది. గుడ్డు తలుపు తీసి లోపలికి పోయింది. తలుపేసుకున్నది. పండుకున్నది. ఖతం."

"తలుపెందుకు వేసుకుంది?"

ఇంత తెలియనివాణ్ణి ఎక్కడా చూడలేదన్నట్టు చూసింది. "పిల్లి రాదా సార్?"

"క్రమం అర్థం కాలేదు" అని రాసుకున్నాను. రెండో పిల్లవాడి కథలో కోడిపిల్లను అమ్మ కేకేసింది కాబట్టి గుడ్డులోకి వెళ్ళింది. మూడోవాడు ఆ నిద్రపోయిన ఘనుడు. వాడి కోడిపిల్లకు నిద్రొచ్చింది. నేను ముగ్గురికీ ఒకే మాట రాశాను. రాస్తున్నప్పుడు కొంచెం దిగులేసింది. కోడిపిల్ల గుడ్డులోంచి బయటికొస్తుందని తెలియని తరగతికి ఏ జాబితా సరిపోతుంది? అందులోనూ మొదటి పిల్ల ఇల్లు కోళ్ళ దుకాణం.

"మీ ఇంట్లో కోళ్ళుంటాయి కదా, ఎప్పుడైనా కోడిపిల్ల గుడ్డులోకి వెళ్ళడం చూశావా?" అని అడిగాను.

"లేదు సార్. మీ అట్టల పోయింది," అంది.

నా అట్టలో ఎక్కడ పోయిందో చూపించమన్నాను. ఆ పిల్ల కుడి చివర వేలు పెట్టి, ఒక్కో బొమ్మే దాటుతూ ఎడమకు వచ్చింది. ఆ పిల్ల ఒళ్ళో ఉర్దూ వాచకం ఉంది, ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి కుడివైపు తెరుచుకుని. నేను కుర్చీ దిగి నేల మీద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. బొమ్మల అట్టను కుడి నుంచి చదివాను. కోడిపిల్ల నిజంగానే తలుపేసుకుని పడుకుంది.

సార్‌ను పిలిచి చూపించాను. ఆయన అట్టను కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి చదివారు. "నేను ఉర్దూ ఇటు దిక్కు నుంచి, తెలుగు అటు దిక్కు నుంచి చదువుకుంటనే బతికిన సార్. ఏది ఎటు నుంచి చదువుతున్ననో నాకే సోయి లేకుంట అయింది," అన్నారు.

పరీక్ష నాటి ఖాళీ జవాబు కాగితం నా సంచిలో ఉంది. పరీక్ష అట్టకు క్లిప్పు పెట్టి ఆ పిల్ల చేతికిచ్చాను. అప్పుడు కనిపించింది రెండో సంగతి. వృత్తాల పైన 1, 2, 3, 4 అని అంకెలుండేది ఒకే ఒక్క చోట, కాగితం పై అంచున. క్లిప్పు సరిగ్గా దాని మీద కూర్చుంటోంది. ఇక మిగిలింది వరసకు నాలుగు ఖాళీ వృత్తాలే. తెలుగు పిల్లలు ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటారు. వీళ్ళ ప్రశ్నపత్రంలో మొదటి జవాబు కుడి చివర ఉంటుంది.

"మొదటి జవాబు కరెక్టయితే ఏ గుండ్రం దిద్దుతావమ్మా?"

కుడి చివరి వృత్తం మీద వేలు పెట్టింది.

"మూడోదైతే?"

కుడి నుంచి మూడోది.

వాళ్ళు ప్రతి ప్రశ్నకూ అద్దంలో చూసినట్టు జవాబు దిద్దారు: ఒకటి నాలుగైంది, రెండు మూడైంది. సరిగ్గా తెలిసినవాళ్ళకు ఒక్కటి కూడా తగలదు. పడుకున్నవాడికి మాత్రం మేక లెక్కన పావు వంతు తగులుతాయి. ఎంత బాగా చదువుకుంటే అంత సున్నా.

సార్ నా చెయ్యి పట్టుకున్నారు. నేను ఆనందం పట్టలేక వెంటనే ఒక జాబితా రాసిచ్చాను. "ఇకపై తీసుకోవలసిన జాగ్రత్తలు. మొదటిది: వృత్తాలను ఎప్పుడూ ఎడమవైపు నుంచే లెక్కించాలని పిల్లలకు గట్టిగా అలవాటు చేయాలి." దాని కింద ఇంకా ఉన్నాయి కానీ కథకు మొదటిదే చాలు.

కార్యాలయానికి వచ్చి ఆ బడి జవాబులన్నీ కంప్యూటర్లో తిరగేశాను. అట్టడుగున ఉన్న బడి మండలంలో మొదటి స్థానానికి ఎగబాకింది. ఆ పిల్లకు ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. అక్క కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చింది.

"అందరివి తిప్పి జూడు సారూ."

తిప్పాను. సబబుగానే మిగతా బడులన్నీ కుప్పకూలాయి, ఒక్కటి తప్ప. ఒక బడికి తిప్పితే మార్కులు పెరిగాయి. అక్క ఆ సంగతిని తన కడుపులో సాయంత్రం దాకా కూడా దాచుకోలేదు. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు నాకు ఫోన్ చేశారు.

"తమ్మీ, మాది గూడ తిప్పిన లెక్కనే పంపరాదు?"

"మీ పిల్లలది తెలుగు మీడియం కదండి."

"అయితేంది? వాళ్ళకు ఎటైన ఒకటే."

అదే చిక్కు అని ఆయనకు చెప్పలేకపోయాను.

మా మండల విద్యాధికారి మేడమ్ ముందు నిలబడి అంతా వివరించాను. ఆమె కింది మెట్టు నుంచి, పలకా బలపం పట్టించిన టీచరుగా మొదలై వచ్చిన మనిషి. కథ మొత్తం విని పెన్ను కింద పెట్టింది.

"కంప్యూటర్ల నువ్వు తిప్పినవు. సరే. రేపు జిల్లా సారు ఇదెట్ల ఫస్టు వచ్చిందని అడిగితే, కోడిపిల్ల గుడ్డులకు పోయింది సార్ అని చెప్పాల్నా నేను?"

"అదే నిజమండి."

"నిజమైతే నాకు కండ్లతోటి కనపడాలె. శనివారం నేనే వస్త. లెక్కల ప్రశ్నలు నేనే రాస్త, ఎవరికీ చూపియ్య. అదే జవాబు కాగితం, అదే అట్ట, అదే క్లిప్పు. కుడి దిక్కు నుంచి దిద్దిన్రంటే నీ మాట నమ్ముత. లేదంటే ఆ సున్నాలే చదివి వస్త." నేను తల ఊపుతుంటే వేలు చూపించింది. "నువ్వు ఆ బడి దిక్కు పోవద్దు. ఫోన్ గూడ చెయ్యొద్దు."

చెయ్యలేదు. శనివారం నాడు వరండా నిండా తల్లిదండ్రులు. పొలం పనులకు వెళ్ళకుండా ఆగిన అమ్మలు, దుకాణాలు కట్టేసి వచ్చిన నాన్నలు. కోళ్ళ దుకాణం ఆసామి గోడకు ఆనుకుని, ఎటైనా వెళ్ళడానికి వీలుగా నిలబడ్డాడు. మూడో తరగతి పిల్లలు అట్టలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. మేడమ్ చెప్పగానే పని మొదలుపెట్టారు.

అప్పుడు చూశాను. ప్రతి పిల్లకూ ఎడమ అరచేతిలో రూపాయి బిళ్ళంత మెహందీ చుక్క. మెహందీ ఆడపిల్లలదని అలిగిన మగపిల్లలకు నీలం సిరా చుక్క. నా జాబితాలో మొదటి అంశాన్ని సార్ ఎంత శ్రద్ధగా పాటించారో ఆ చేతులు చెబుతున్నాయి. ఎడమేదో కుడేదో మరిచిపోకుండా ఆయన వారమంతా వాళ్ళకు మెహందీ చెయ్యి వైపు నుంచి లెక్కపెట్టడం నేర్పారు.

"మేడమ్, ఒక్క మాటండి," అన్నాను.

"ఇప్పుడు కాదు. నువ్వు ఆడనే కూసో."

మేడమ్ పాతకాలం పద్ధతిలో మందపాటి అట్టకు రంధ్రాలు చేసి తెచ్చుకుంది. దాన్ని జవాబు కాగితం మీద పెడితే, సరైన వృత్తాలుండాల్సిన చోట రంధ్రాలుంటాయి. రంధ్రంలోంచి నలుపు కనిపిస్తే మార్కు. నా మాటను పరీక్షించాలని రంధ్రాలన్నీ కుడి లెక్క ప్రకారమే చేసింది. మొదటి కాగితం మీద పెట్టింది. అన్నీ తెల్లగా ఉన్నాయి. రెండోది తెలుపు. మూడోది ఆ పిల్లది, పాలలా తెలుపు.

కోళ్ళ దుకాణం ఆసామి గోడ నుంచి కదిలాడు. సార్ చేతులు కట్టుకుని నేలవైపు చూస్తున్నారు. ఆయన ముఖం చూడలేక నేను లేచాను.

"మేడమ్, వాళ్ళు ఎడమ నుంచి దిద్దారండి."

"నువ్వేగా కుడి నుంచి అన్నది?"

"అప్పుడు కుడండి. ఇప్పుడు ఎడమ."

వెనక నుంచి ఎవరో అన్నారు, "సారూ, ఒక దిక్కు జెప్పున్రి." అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నన్ను పక్కకు జరగమని ఆ పిల్లను దగ్గరికి పిలిచింది.

"మొదటి లెక్కకు జవాబేందమ్మా? నోటితోటి చెప్పు."

చెప్పింది. సరైనదే.

"ఏ గుండ్రం దిద్దినవు?"

ఎడమ చివరి నుంచి లెక్కపెట్టి చూపించింది.

"మరి మీరు కుడి దిక్కు నుంచి దిద్దుతరంట కద?"

పిల్ల తన అరచెయ్యి తెరిచి మేడమ్ ముఖం ముందు పెట్టింది. "అప్పుడు మెహందీ లేకుండె మేడమ్."

మేడమ్ ఆ చేతిని చూసింది. వరసలో ఉన్న మిగతా చేతులను చూసింది. తర్వాత నన్ను చూసింది, ఆ చూపు మళ్ళీ నా మీద పడాలని ఇప్పటికీ కోరుకోను. రంధ్రాల అట్టను బోర్లా తిప్పి మళ్ళీ కాగితం మీద పెట్టింది. రంధ్రాలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి.

ఇంకో కాగితం. నలుపు. ఇంకోటి. అక్కడొకటి ఇక్కడొకటి తప్ప నలుపే. నిద్రపోయే పిల్లవాడికి సగం. ఆ రోజు మేల్కొనే ఉన్నాడు మరి.

మేడమ్ అట్టను కాగితంతో పాటు పైకెత్తి కోళ్ళ దుకాణం ఆసామికి చూపించింది. "నీ బిడ్డది. చూసుకో. ఇదివరకు యంత్రం గూడ నా తీరుగనే తప్పు దిక్కున అట్ట పెట్టింది."

ఆయన రంధ్రాల్లోకి ఒక కన్ను మూసి మరీ చూశాడు. "మేడమ్, బస్సు బడిల గుండ్రాలు ఎటు నుంచి దిద్దుతరు?"

"ఎటు నుంచైతేంది, మెహందీ ఎవరు పెడతరు ఆడ?"

ఆసామి తన కూతురి చేతి వైపు చూశాడు. "అంతే అంటరా," అని మళ్ళీ గోడకు ఆనుకున్నాడు. ఈసారి కింద కూర్చుని ఆనుకున్నాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ పోర్టల్ ఒకటి ఉంది కదా. ఫలితాలు మార్చడానికి అందులో ఎక్కడా మీట లేదు. మేడమ్ పైకి ఉత్తరం రాసింది, దానికి నేను అనుబంధాలు జత చేశాను. చాలా రోజులకు జవాబు వచ్చింది. మీ మండలంలో సదరు పాఠశాల వెనకబడిన పాఠశాలల జాబితాలో ఉన్నందున, దాని అభివృద్ధి కోసం ప్రత్యేక బోధన సామగ్రి పంపుతున్నాము అని. పెట్టె విప్పితే బొమ్మల కథ పట్టీలు. అన్నిటికన్నా పైనున్న దాంట్లో ఎడమ చివర గూట్లో గుడ్డు, కుడి చివర కోడిపిల్ల.

"తిప్పి పంపుదమా సారూ?" అంది అక్క.

పెట్టె నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. సార్ పట్టీని చూసి, కత్తెర తెచ్చి నాలుగు ముక్కలు చేశారు. వరండాలో తాడు కట్టి, గుడ్డును కుడి చివర మొదలుపెట్టి వరసగా తగిలించారు. ఆయన పిల్లలు చదివేసరికి కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చి గింజలు తింది. గది గడప దగ్గర పిల్లల చెప్పులు ఎప్పటిలాగే కుప్పగా ఉన్నాయి. పసుపు బస్సు ఊళ్ళోకి వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది.

నేను కార్యాలయానికి తిరిగి వచ్చి బండి స్టాండు వేస్తుండగానే ఫోన్ మోగింది. వరండా అవతలి చివరనున్న తెలుగు మీడియం బడి టీచరమ్మ.

"సార్, మా పిల్లలు కోడిపిల్ల గుడ్డులకు పోయి తలుపేసుకుంటదని చెప్తున్నరు. మీరే ఏదో తెచ్చి తగిలిచ్చిన్రట."